తెలిసిన కథనే మళ్ళీ రాయడం

తెలుగు వాచకంలో కథాపాఠం చివర తరచు కనిపించే ప్రశ్న ఒకటుంది: ఈ కథను మీ సొంత మాటల్లో రాయండి. ఆ జవాబులు దిద్దే ఉపాధ్యాయులకు ఓ వింత ఎదురవుతూ ఉంటుంది. తరగతిలో ఎన్ని నోటుపుస్తకాలున్నా కథ ఒకటే. దాహం వేసిన కాకి, అడుగున నీళ్ళున్న కుండ, గులకరాళ్ళు, పైకొచ్చిన నీళ్ళు ఎక్కడా మారవు. అయినా ఒకరి కథ నాలుగు ముక్కల్లో అయిపోతుంది, మరొకరిది పేజీన్నర సాగుతుంది. ఒకదాంట్లో ఎండ చుర్రుమంటుంది, ఇంకోదాంట్లో ఎండన్న మాటే ఉండదు. ఒకదాన్ని చివరిదాకా చదవాలనిపిస్తుంది, పక్కదాన్ని రెండో వాక్యంలోనే వదిలెయ్యాలనిపిస్తుంది. కథ ఎవరికీ కొత్త కాదు, ఎవరూ తప్పు చెప్పలేదు. మరి ఈ తేడా ఎక్కడిది? అదే పిల్లలకు ‘నా ఆశయం’ అనో ‘మా ఊరు’ అనో శీర్షిక ఇస్తే ఆ తేడా కనిపించదు. ఏం రాయాలన్న దగ్గరే సగం మంది ఆగిపోతారు, మిగతా సగం గైడులోని వాక్యాలు దించేస్తారు. చేతిలో కథ ఉన్నప్పుడు ఏం రాయాలన్న బెంగ లేదు. ఎలా చెప్పాలన్నదొక్కటే మిగులుతుంది. పాత కథలను మళ్ళీ రాయించి రాత నేర్పే పద్ధతి మొత్తం ఈ చిన్న వెసులుబాటు మీద నిలబడింది.

ఇది నిన్నా మొన్నా పుట్టిన పద్ధతి కాదు. రోములో అలంకారశాస్త్రం బోధించిన క్వింటిలియన్ క్రీ.శ. 95 ప్రాంతంలో, పిల్లవాడి చదువు ఎలా సాగాలో వివరిస్తూ పెద్ద గ్రంథం రాశాడు. దాదులు చెప్పే కథలు విన్న పిల్లలు తర్వాత ఈసప్ కథలను అందుకోవాలంటాడు. మొదట వాటిని తేట మాటల్లో, ఎక్కడా హద్దు దాటకుండా నోటితో చెప్పాలి. ఆ తేటదనం చెడకుండానే రాతలో పెట్టాలి. ఆ తర్వాత పద్యాన్ని విడగొట్టి వచనం చెయ్యాలి, మాటలు మార్చి చెప్పాలి, చివరికి కొంత కుదించి కొంత అలంకరించి స్వతంత్రంగా తిరగరాయాలి. ఈ వరుసలో కొట్టొచ్చినట్టు కనిపించేది దాని ఓపిక. అలంకారం ఆఖరి మెట్టు మీద గాని రాదు. ఇప్పటి తరగతుల్లో చాలాచోట్ల ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. ఉపమానాలు వాడండి, సామెతలు చేర్చండి అని ముందే చెబుతారు. వాక్యం నిలబడటం నేర్చుకోకముందే దానికి నగలు పెట్టడం వల్ల ఏం జరుగుతుందో ఆ నోటుపుస్తకాలే చెబుతాయి.

గ్రీకు చదువుల్లో దీన్ని ఇంకా పకడ్బందీగా నడిపారు. 4వ శతాబ్దంలో ఆంటియోక్‌కు చెందిన ఆఫ్తోనియస్ పద్నాలుగు రచనాభ్యాసాలతో ఒక చిన్న పుస్తకం కూర్చాడు. అందులో మొట్టమొదటిది నీతికథ. దానికి అతనిచ్చిన నమూనా చీమలు, ఇలకోళ్ళ కథ. అతనికంటే ముందటి థియాన్ అనే ఉపాధ్యాయుడు ఒకే కథను రకరకాలుగా తిప్పించేవాడు. ఏకవచనంలో ఉన్నదాన్ని బహువచనంలోకి మార్చడం, విభక్తులు మార్చి చెప్పడం, పెంచడం, కుదించడం, కథ నమ్మదగ్గది కాదని వాదించడం, నమ్మదగ్గదేనని ఎదురు వాదించడం అన్నీ అతని జాబితాలో ఉన్నాయి. వినడానికి ఇది కసరత్తులాగే ఉంటుంది. కాకి బదులు కాకులు అని రాస్తే ఏమవుతుంది? రాసి చూస్తేగాని తెలియదు. కాకులు పది అయితే రాళ్ళు ఎవరు తేవాలన్న తగాదా వస్తుంది, పైకొచ్చిన నీళ్ళు ముందు ఎవరు తాగాలన్న తగాదా వస్తుంది. వ్యాకరణం కోసం మార్చిన వచనం కథనే మార్చేస్తుంది.

ఆ బడుల పిల్లల చేతిరాత కూడా కొంత మిగిలింది. సిరియాలోని పాల్మైరాలో 19వ శతాబ్దంలో దొరికిన ఏడు మైనపు పలకలు ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. అవి 3వ శతాబ్దం నాటివని పండితుల అంచనా. బాబ్రియస్ అనే కవి గ్రీకు పద్యాలుగా చెప్పిన ఈసప్ కథలను ఎవరో బడిపిల్లవాడు వాటి మీద గీశాడు. నిండా తప్పులే. మైనం కాబట్టి చెరిపి మళ్ళీ రాసుకునే వీలుంది, అయినా ఆ తప్పులు అలాగే మిగిలిపోయాయి. బాబ్రియస్ పద్యాలకు శుద్ధమైన పాఠం ఎక్కడెక్కడ దొరుకుతుందా అని వెతికే పండితులు ఈ పిల్లవాడి తప్పుల పలకలను కూడా పక్కన పెట్టుకుని చూడాల్సి వస్తోంది. విన్న కథ చేతిలోకి దిగేటప్పుడు ఏది జారిపోతుందో, ఏది నిలుస్తుందో చూపించే సాక్ష్యాల్లో ఇంత పాతవి అరుదు.

కుదించడం, పెంచడం అన్న జంట అభ్యాసం ఎలా పనిచేస్తుందో హెర్మోజెనిస్ అనే గ్రీకు అలంకారికుడి పేరు మీద ఉన్న పాఠంలోని కోతుల కథ చూపిస్తుంది. కోతులన్నీ కలిసి ఒక పట్నం కట్టుకోవాలని తీర్మానించుకున్నాయి. పనికి దిగబోతుంటే ఒక ముసలి కోతి అడ్డుకుంది. గోడల మధ్య ఉంటే వేటగాళ్ళకు ఇంకా తేలిగ్గా దొరికిపోతామని చెప్పింది. కుదించిన కథ ఇంతే. పెంచమంటే విద్యార్థి చెయ్యాల్సింది కోతుల వర్ణన కాదు, చెట్ల వర్ణన కాదు. పట్నం ఎందుకు కావాలో ఒక కోతి చేత మాట్లాడించాలి, ఎందుకు వద్దో ముసలి కోతి చేత మాట్లాడించాలి. వానలో తడుస్తున్నామని, మనుషులకున్న గుడీ సంతా మనకెందుకు ఉండకూడదని మొదటి కోతి అడగాలి. అది గట్టిగా అడిగితేనే ముసలి కోతి మాటకు విలువ. పెంచడమంటే మాటలు పోగెయ్యడం కాదని, కథలో ఇంతవరకు ఎవరూ పలకనిచోట నోరు తెరిపించడమని ఈ ఒక్క నమూనా చెబుతుంది.

కాకి కథ దగ్గరికే మళ్ళీ వస్తే, బడిలో మామూలుగా వచ్చే జవాబు ఇలా ఉంటుంది: ‘ఒక కాకికి దాహం వేసింది. అది చాలా తెలివైన కాకి. కుండలో నీళ్ళు అడుగున ఉన్నాయి. కాకి రాళ్ళు వేసింది. నీళ్ళు పైకి వచ్చాయి. కాకి తాగి ఎగిరిపోయింది.’ ఇందులో తప్పు వాక్యం లేదు. ఎర్ర సిరా పెట్టడానికి చోటు దొరకదు. కానీ రెండో వాక్యం మిగతా కథను మింగేసింది. తెలివైన కాకి అని ముందే చెప్పేశాక రాళ్ళు వెయ్యడం చదివేవాడికి ఆశ్చర్యం కలిగించదు. ఆ ఒక్క వాక్యం కొట్టేసి, మొదటి రాయికీ చివరి రాయికీ మధ్య ఏం జరిగిందో రాయమంటే అదే పిల్లవాడి చేతి నుంచి మరో కథ రావచ్చు: ‘కాకి కుండ అంచు మీద వాలి మెడ చాచింది. అందలేదు. కిందికి దిగి ఒక రాయి తెచ్చి వేసింది. బుడుంగుమంది. మళ్ళీ మెడ చాచింది. అందలేదు. దగ్గర్లో ఉన్న రాళ్ళు అయిపోయాయి. దూరం పోయి తెచ్చింది.’ తెలివి అన్న మాట ఎక్కడా లేదు, అయినా కాకి తెలివీ ఓపికా రెండూ కనిపిస్తున్నాయి. వాక్యాలు పొట్టివే, మాటలు ఇంట్లో వాడేవే. ‘అందలేదు’ రెండుసార్లు రావడం దోషం కాదని, కావాలని చేసినదని పిల్లవాడికి అర్థమైతే ఆ పూట పాఠం అయినట్టే. ఈ సంగతిని ‘వర్ణన’ అన్న శీర్షిక కింద ఎంతసేపు ఉపన్యసించినా ఇంత తేలిగ్గా తలకెక్కదు.

థియాన్ చెప్పిన ఖండన మండనలకూ ఈ కథే చాలు. కుండలో నీళ్ళు మరీ అడుగున ఉంటే రాళ్ళు ఎన్ని వేసినా నీళ్ళు పైకి రావు. రాళ్ళ మధ్య సందులుంటాయి, ఉన్న నీళ్ళు ఆ సందులకే సరిపోతాయి. ఈ సందేహం తరగతిలో ఎవరో ఒకరికి రాకమానదు. దాన్ని ‘కథకు లెక్కలెందుకు’ అని కొట్టిపారెయ్యాలా, రాయించాలా? రాయిస్తే అది కథను కూల్చే వాదన అవుతుంది. ఎదురు వాదన వెతికేవాడికి ఆధారాలూ దొరుకుతాయి. దాహం వేసిన కాకి ఒక సమాధి దగ్గరి పాత్రలో నిలిచిన వాననీటి కోసం రాళ్ళు పోగేసిందని రోమన్ రచయిత ప్లినీ నమోదు చేశాడు. 2009లో కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞులు కాకి జాతికే చెందిన రూక్ పక్షుల ముందు నీటి గొట్టం, రాళ్ళు పెట్టి చూస్తే, నీటి మీద తేలే పురుగు ముక్కుకు అందేదాకా అవి రాళ్ళు వేశాయి. ఇలా ఒకే కథ మీద రెండు పక్షాలూ రాసిన విద్యార్థికి, కథ చెప్పే వాక్యం వేరు, వాదించే వాక్యం వేరు అన్న సంగతి చేత్తో రాసుకుంటుండగానే తెలుస్తుంది. మొదటిదాంట్లో క్రియలు నడుస్తాయి. రెండోదాంట్లో ‘కాబట్టి’, ‘అయినా’, ‘ఒకవేళ’ నడుస్తాయి.

కథ ఎవరి వైపు నుంచి చెప్పాలన్నది తర్వాతి మెట్టు. హితోపదేశం నుంచి తెలుగులోకి వచ్చిన పులి-బంగారు కడియం కథ ఇందుకు బాగా పనికొస్తుంది. ముసలి పులి చెరువు ఒడ్డున కూర్చుని, కడియం దానమిస్తానని బాటసారిని పిలుస్తుంది. అతను నమ్మి స్నానానికి దిగి బురదలో కూరుకుపోతాడు, పులి తినేస్తుంది. దురాశ దుఃఖానికి చేటు అన్న ముగింపు అందరికీ తెలుసు. ఈ కథను పులి చేత చెప్పించమంటే పిల్లలు ముందు సరదా పడతారు, తర్వాత చిక్కులో పడతారు. పులి మాటలు నమ్మించేలా ఉండాలి. వయసులో పాపాలు చేశానని, ఇప్పుడు గోళ్ళూ పళ్ళూ పోయాయని, ధర్మం తెలిసిందని అది చెప్పే తీరులో ఒక నిదానం ఉండాలి. ఆ మాటలు నాసిరకంగా ఉంటే బాటసారి ఉత్త వెర్రివాడవుతాడు, వెర్రివాడు చస్తే కథకు బరువు లేదు. అంటే కథ నీతి మొత్తం పులి అబద్ధం ఎంత అందంగా ఉందన్న దాని మీద ఆధారపడి ఉంది! అబద్ధాన్ని అందంగా రాయడం పిల్లలకు నేర్పవచ్చా అన్న శంక ఇక్కడ కలగక తప్పదు. కానీ నమ్మించే మాట ఎలా తయారవుతుందో లోపలి నుంచి చూసినవాడు బయట అలాంటి మాట వింటే తొందరగా గుర్తుపడతాడని కూడా అనుకోవచ్చు.

ఈ శంకను ఇంకా తీవ్రంగా లేవదీసినవాడు తత్వవేత్త రూసో. 1762లో వచ్చిన ‘ఎమీల్’ గ్రంథంలో ఫ్రెంచి కవి లా ఫొంటేన్ చెప్పిన కాకి-నక్క కథను పాదం పాదం విడదీసి, ఇందులో పిల్లవాడికి అర్థమయ్యేదెంత అని నిలదీశాడు. పైగా పిల్లలు మోసపోయిన కాకి పక్షాన ఉండరు, జున్ను కొట్టేసే నక్క పక్షానే ఉంటారన్నాడు. ఇలకోడి, చీమ కథ విన్నవాడు కష్టపడటం నేర్చుకోడు, అడిగినవాణ్ణి ఎగతాళి చేసి పంపించడం నేర్చుకుంటాడన్నాడు. ఈ మాట కొట్టిపారేసేది కాదు. తరగతిలో ఎవరి పక్షమని అడిగితే నక్కకు చేతులు లేస్తాయి. అయితే రూసో చూసింది కథను బట్టీ పట్టే పిల్లవాణ్ణి, తిరగరాసే పిల్లవాణ్ణి కాదు. బట్టీ పట్టినవాడికి నీతి పైనుంచి వచ్చి పడుతుంది. తిరగరాసేవాడు దాన్ని తానే తేల్చుకోవాలి. చివర ‘నీతి’ అని రాసే వరుసను తీసేసి కథ దానంతట అది నిలుస్తుందా చూడమనడం, అదే కథకు ఇంకో నీతి తగిలించి దానికి తగ్గట్టు కథలో ఏ వాక్యాలు మారాలో మార్చమనడం ఇందుకు ఉపయోగపడే అభ్యాసాలు. చీమది పిసినారితనమని తేల్చాలంటే చీమ ఇంట్లో ఎన్ని గింజలున్నాయో రాయాలి. ఇలకోడిది సోమరితనం కాదు, దాని పనే పాడటం అని తేల్చాలంటే ఆ పాటను ఎండాకాలమంతా చీమలే విన్నాయని రాయాలి. నీతి చివరి వరుసలో లేదు, మధ్యలో ఏరుకున్న వివరాల్లో ఉంది. గ్రీకు బడులు కూడా నీతిని కథకు ముందు పెట్టవచ్చు, వెనక పెట్టవచ్చు అని రెండు దారులూ ఉంచాయి.

వివరం ఏరుకోవడంలో పిల్లలు పెద్దలను మించిపోతారని టాల్‌స్టాయ్ నమ్మాడు. 1859లో యాస్నాయా పొల్యానాలో రైతుబిడ్డల కోసం అతను బడి తెరిచాడు. ఒక రష్యన్ సామెత ఇచ్చి దాని మీద కథ రాయమంటే పిల్లలు మావల్ల కాదన్నారు. సరేనని తానే మొదలుపెట్టాడు. ఇద్దరు పిల్లలు వచ్చి భుజం మీదుగా చూసి, ఇలా కాదు అలా అని దిద్దడం మొదలుపెట్టారు. చివరికి కథ వాళ్ళు చెబుతుంటే టాల్‌స్టాయ్ రాయసగాడయ్యాడు. కథలో పొరుగింటి మనిషికి ఆడవాళ్ళ కోటు తొడగాలని ఫెద్కా అనే కుర్రవాడు పట్టుబట్టాడు. ఎందుకన్నది మొదట తోచలేదు. చలిలో చేతికందిన ఏదో ఒకటి భుజాన వేసుకుని గడప దాటే పల్లెటూరి మనిషి మొత్తంగా ఆ కోటులో కనిపిస్తాడని తర్వాత అర్థమై టాల్‌స్టాయ్ అబ్బురపడ్డాడు. రాయడం పల్లెపిల్లలు మన దగ్గర నేర్చుకోవాలా, మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవాలా అని 1862లో ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. తర్వాత గ్రీకు నేర్చుకుని ఈసప్ కథలను స్వయంగా రష్యన్‌లో చెప్పాడు. 1872లో, మళ్ళీ 1875లో తెచ్చిన బాలశిక్షల్లో ఆ కథలు ఐదారు వాక్యాల్లో అయిపోతాయి. ‘యుద్ధమూ శాంతీ’ రాసిన చెయ్యి ఐదు వాక్యాల కథ కోసం అంత కష్టపడిందంటే, ఇది పిల్లల స్థాయి పని అనడానికి నోరు రాదు.

తెలుగులోనైతే తిరగచెప్పడం బడి పనికంటే ముందు కవుల పని. దూబగుంట నారాయణకవి, బైచరాజు వేంకటనాథకవి పంచతంత్రాన్ని ఎవరికి వారు పద్యాల్లో చెప్పారు. పరవస్తు చిన్నయసూరి 1853లో మిత్రలాభం, మిత్రభేదం భాగాలను నీతిచంద్రికగా వచనంలో పెట్టాడు. ఆయన వదిలినచోట నుంచి అందుకోవడానికి కందుకూరి వీరేశలింగం, కొక్కొండ వేంకటరత్నం పంతులు ఇద్దరూ పూనుకున్నారు. నీతిచంద్రిక తరాల తరబడి బడుల్లో, కాలేజీల్లో పాఠ్యగ్రంథం. దాని వల్ల వచనానికి బిగి వచ్చింది. కానీ సొంత మాటల్లో చెప్పమంటే చిన్నయసూరి మాటల్లోనే చెప్పడం కూడా అలవాటైంది. నమూనా గట్టిదైనకొద్దీ దాన్ని వదిలించుకోవడం కష్టమన్నది ఈ పద్ధతిలో ఉన్న అసలు ప్రమాదం. పద్యానికి తాత్పర్యం రాయడం క్వింటిలియన్ చెప్పిన విడగొట్టడం లాంటిదే, కానీ తాత్పర్యం కూడా గైడులో అచ్చై ఉంటే అది అభ్యాసంగా మిగలదు. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పంతులు చేసిన పోరాటం తర్వాత, 1947 జూలైలో మద్రాసు నుంచి ‘చందమామ’ వచ్చింది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు చేతిలో ఆ పత్రిక అవే పాత కథలను నగానట్రా లేని తెలుగులో చెప్పింది. నీతిచంద్రికలో ఒక కథనూ, అదే కథ వాడుక తెలుగులో వచ్చిన రూపాన్నీ పక్కపక్కన పెట్టి చదివిస్తే, కథ ఒకటే అయినా ఊపిరి తీసుకునే చోట్లు వేరని పిల్లలు చెప్పగలుగుతారు. అప్పుడు మూడో రూపానికి తావు కనిపిస్తుంది. శ్రీకాకుళం, కడప, కరీంనగర్ పిల్లలు ఇంట్లో విన్న తీరులోనే కథ నోటితో చెప్పి, ఆ నుడికారం పోకుండా కాగితం మీద పెట్టవచ్చు. ముందు నోటితో, తర్వాత కలంతో అన్న క్వింటిలియన్ వరుస ఇక్కడే అక్కరకొస్తుంది. నోటిలో ఉన్న తెలుగు కలం దాకా రాకుండా మధ్యలో ఎక్కడ ఆగిపోతోందో ఉపాధ్యాయుడికి అప్పుడే తెలుస్తుంది.

దిద్దడం గురించి కూడా కొంత చెప్పుకోవాలి. కథ తెలిసిందే కాబట్టి దిద్దేవాడు కథను దిద్దనక్కర్లేదు. ఒక్కోసారి ఒక్కటే పట్టించుకోవాలి. ఈ వారం మొదటి వాక్యం, వచ్చే వారం మాటల మధ్య తూకం, ఆ తర్వాత ముగింపు. అన్నీ ఒకేసారి ఎర్రబడిన పుస్తకం పిల్లవాడికి ఒక్క పాఠమూ చెప్పదు. రాసినదాన్ని రాసినవాడి చేతనే గట్టిగా చదివించడం మేలు. నోరు తడబడినచోట వాక్యం బాగాలేదని వేరే చెప్పక్కర్లేదు. పెద్ద తరగతుల వాళ్ళకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో చెప్పిన దారి పనికొస్తుంది. అతను తనకు నచ్చిన పత్రికావ్యాసాల్లోని భావాలను ముక్తసరిగా రాసిపెట్టుకుని, కొన్ని రోజులు ఆగి, ఆ గుర్తుల ఆధారంగా వ్యాసం మొత్తం తానే రాసి, మూలంతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. కథలను పద్యం చేసి, మూలం బాగా మరిచిపోయాక మళ్ళీ వచనం చేసేవాడు. అందులో ఆయువుపట్టు ఆ ఆగడం. కథ చదివిన వెంటనే రాయిస్తే పుస్తకంలోని మాటలే వస్తాయి. నాలుగు రోజులు గడిస్తే ఆ మాటలు పోయి కథ మిగులుతుంది, ఖాళీ అయిన చోట్లలో సొంత మాటలు పెట్టక తప్పదు.

ఇలా ఎంతకాలం? పాత కథల మీదే ఉంచేస్తే పిల్లలు సొంత కథ ఎప్పుడు రాస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. ఆఫ్తోనియస్ వరుసలో నీతికథ పద్నాలుగింట ఒకటి మాత్రమే. దాని వెంటనే జరిగిన సంగతిని చెప్పే కథనం వస్తుంది, ఆ తర్వాత సూక్తి విస్తరణ, ఖండన, పోలిక, పాత్ర చేత మాట్లాడించడం, వర్ణన, చివరికి చట్టం మీద వాదన. మొదటి మెట్టు మీద నేర్చినవేవీ అక్కడితో వదిలెయ్యరు. కోతుల చేత మాట్లాడించినవాడే తర్వాత చరిత్రలోని మనుషుల చేత మాట్లాడిస్తాడు. కాకి కథను అనుమానించినవాడే చట్టాన్ని అనుమానిస్తాడు. మెట్టు మారే సమయం ఎప్పుడొచ్చిందో గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు ఉంది. ఏ వాక్యం ఎందుకు కొట్టేశావని అడిగితే విద్యార్థి కారణం చెప్పగలగాలి. తెలివైన కాకి అన్న వాక్యం ఎందుకు అక్కర్లేదో చెప్పగలిగిన పిల్లవాడికి ఇక ‘మా ఊరు’ ఇవ్వవచ్చు. ఊరు చాలా అందమైనది అన్న వాక్యంతో అతను మొదలుపెట్టడు.